బండి లోపలికి పోద్దా?

సుల్తాన్ హాన్ దగ్గర మా బస్సు ఆగింది నలభై నిమిషాలే. టర్కీలో కోన్యా నుంచి కపదోకియా వైపు వెళ్ళే టూరిస్టు బస్సులు చాలావరకు అక్కడ ఆగుతాయి. జనం దిగి టీ తాగుతారు, ఫోటోలు తీసుకుంటారు, మళ్ళీ ఎక్కేస్తారు. మా గైడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇది ఆ కాలపు ఫైవ్‌స్టార్ హోటల్." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి ఆ మాట చాలనిపించింది అప్పటికి.

ఇంటికొచ్చాక చూసుకుంటే ఫోన్లో ఆ కట్టడం ఫోటోలు అరవై దాకా ఉన్నాయి. అందులో నలభైకి పైగా ముఖద్వారానివే. అది నా తప్పని కూడా అనలేను. ఆ ద్వారం అలాంటిది. చుట్టూ ఎత్తుపల్లాలు లేని మైదానం, మధ్యలో కిటికీలు లేని రాతిగోడ, ఆ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి 13 మీటర్ల ఎత్తున నిలబడిన పాలరాతి ద్వారం. కమాను లోపలి పైభాగం తేనెపట్టును తలకిందులుగా వేలాడదీసినట్టుంటుంది. ముఖర్నాస్ అంటారు దాన్ని. చుట్టూ అల్లికలు, నక్షత్రాలు, శాసనాలు. కెమెరా ఇంకెటు తిరుగుతుంది?

ఆ ఫోటోలు మా నాన్నకి చూపించాను. మా నాన్న ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాడు. గుంటూరు నుంచి మిర్చి లోడు వేసుకుని నాగపూర్, అక్కణ్ణుంచి ఇంకా పైకి. ద్వారం ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వేలితో తోసుకుంటూ పోయాడు. ఒక్కదాని దగ్గరా ఆగలేదు. చివరికి ఫోను నా చేతికిచ్చి అడిగాడు:

"బండి లోపలికి పోద్దా?"

"అప్పుడు బళ్ళెక్కడియి నాన్నా, ఒంటెలు" అన్నాను.

"అదేరా నేననేది. ఒంటె లోడుతో సహా లోపలికి పోద్దా? డ్రైవరు యాడ పడుకుంటాడు?"

నా దగ్గర జవాబు లేదు. అరవై ఫోటోల్లోనూ లేదు. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలతో ఆ కట్టడాన్ని మళ్ళీ చదివే ప్రయత్నం. నేను వాస్తుశిల్పం చదువుకున్నవాణ్ణి కాదు, చరిత్రకారుణ్ణీ కాదు. కథనో నవలనో చదివేటప్పుడు "ఇది ఎవరి వైపు నుంచి చెబుతున్నారు?" అని అడిగే అలవాటు మాత్రం ఉంది. కట్టడాన్ని కూడా అలా అడగొచ్చని నాకు నాన్న ప్రశ్నతోనే తట్టింది.

*

ముందు కొన్ని వివరాలు. సుల్తాన్ హాన్‌ని 1229లో సెల్జుక్ సుల్తాను మొదటి అలాఉద్దీన్ కైకుబాద్ కట్టించాడు. కోన్యా అతని రాజధాని. అక్కణ్ణుంచి అక్సరాయ్ మీదుగా తూర్పుకి పోయే వర్తక మార్గం మీద, అక్సరాయ్‌కి ఇంకా 40 కిలోమీటర్లుందనగా వస్తుందిది. కట్టిన శిల్పి డమాస్కస్ వాడు, పేరు మహమ్మద్ బిన్ హవ్లాన్. కట్టడం విస్తీర్ణం దాదాపు 4,900 చదరపు మీటర్లు. అనతోలియాలో మిగిలిన సెల్జుక్ సరాయిల్లో ఇంతకంటే పెద్దవి కనబడవు. ఇదే సుల్తాను కైసేరీ దగ్గర ఇంకో సుల్తాన్ హాన్ కూడా కట్టించాడు.

ఊరికే దయకలిగి కట్టించినవి కావివి. కైకుబాద్ తండ్రి 1207లో మధ్యధరా తీరాన అంతాల్యా రేవును పట్టుకున్నాడు. అక్కడ తమకు జరిగిన అన్యాయం గురించి వర్తకులు వచ్చి మొరపెట్టుకోవడం ఆ దండయాత్రకు ఒక కారణం. 1214లో నల్లసముద్రం మీది సినోప్ కూడా సెల్జుకుల చేతికొచ్చింది. అంటే రెండు సముద్రాల మీద రెండు తలుపులు తెరుచుకున్నాయి. మధ్యలో ఉన్నది చలికాలం మంచు కప్పేసే పీఠభూమి. ఆ తలుపులకి విలువ రావాలంటే మధ్యలో దారి ఉండాలి. దారంటే నేల మీద గీత కాదు, రాత్రిపూట ఎక్కడ ఆగాలన్నదానికి జవాబు. అందుకే ఒంటె ఒక రోజులో నడవగలిగే 30, 40 కిలోమీటర్లకొకటి చొప్పున ముఖ్యమైన దారుల మీద సరాయిలు లేచాయి.

ఆ ఒక రోజు దూరానికి మన దగ్గర మాట ఉంది: మజిలీ. అరబ్బీ 'మంజిల్' ఉర్దూ మీదుగా మనకి వచ్చి మజిలీ అయింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి రాసుకున్న యాత్రాచరిత్ర నిండా ఈ లెక్కే. ఈ వేళ ఎన్ని ఆమడలు నడిచాం, దిగిన ఊళ్ళో సత్రం ఉందా, నీళ్ళు ఎలా ఉన్నాయి, బజారులో ఏం దొరుకుతాయి. దూరాన్ని దిగే చోటుతో కొలిచేవాళ్ళ భాష అది. మా నాన్నదీ అదే భాష. ఫలానా ఊరు ఎంత దూరం అని అడిగితే కిలోమీటర్లు చెప్పడు. "రెండు టీలు, ఒక భోజనం" అంటాడు.

*

ఇప్పుడు లోపలికి పోదాం.

ఇంత పెద్ద కట్టడానికి వాకిలి ఒక్కటే. వెనక గుమ్మం లేదు, పక్క సందు లేదు. మా ఆఫీసులో ఇలాంటి డిజైన్ చూపిస్తే ఒప్పుకోరు. ఆ ఒక్కటీ చెడితే మొత్తం ఆగిపోతుంది కదా అంటారు. కానీ ఇక్కడ సమస్య వేరు. రాత్రి దొంగల భయం. కాపలా కాయాల్సిన చోటు ఒక్కటే ఉంటే కొద్దిమంది మనుషులతో పని జరుగుతుంది. బయటి గోడ పొడుగునా బురుజుల్లా కనిపించేవి ఎక్కువగా గోడకి ఆనింపుగా కట్టిన రాతి దిమ్మెలే. వాటిని చూసి దీన్ని కోట అనేస్తుంటారు. దారిదోపిడీ ముఠాని ఆపగలదు గానీ, సైన్యం ముట్టడిస్తే నిలిచే నిర్మాణం కాదిది. దీని భయం శత్రురాజు గురించి కాదు, చీకటి గురించి.

వాకిలి దాటితే పెద్ద ముంగిలి. ఒక పక్కన కమానుల వరసతో ముందువైపు తెరిచి ఉన్న పంచ, రెండో పక్కన తలుపులున్న గదులు. వంట, బస, స్నానం, సామాను భద్రపరచడం లాంటివన్నీ ఆ గదుల వైపు. నడిమధ్యన, నాలుగు కమానుల మీద నిలబెట్టిన చిన్న మసీదు. మెట్లెక్కి పైకి పోవాలి. కింద ఖాళీ.

మసీదుని నేల మీద కాకుండా ఎత్తు మీద ఎందుకు పెట్టారు? గైడు పుస్తకాలు దాని చెక్కడపు పనిని మెచ్చుకుని ఊరుకుంటాయి. నేను నాన్న కళ్ళతో చూసే ప్రయత్నం చేశాను. సాయంత్రం ఆ ముంగిలి ఎలా ఉంటుంది? వందల కాళ్ళు, పేడ, గడ్డి, విప్పుతున్న మూటలు, అరుపులు. అంత రద్దీలో శుభ్రంగా, ప్రశాంతంగా ఒక చోటు కావాలంటే దాన్ని పైకెత్తక తప్పదు. జంతువుల్ని ముంగిలి నుంచి తరిమేసి మసీదు కట్టలేదు. వాటి మధ్యనే, వాటికంటే ఒక మనిషెత్తు పైన కట్టారు. ఇది నా ఊహే. అయినా ఆ నాలుగు కమానుల కింద నిలబడిన ఎవరికైనా ఈ ఊహ కలుగుతుందనే అనుకుంటాను.

ముంగిలి చివర రెండో ద్వారం. మొదటిదానికంటే చిన్నది, చెక్కడంలో మాత్రం తీసిపోదు. అది దాటితే సావిడి. నా ఫోటోల్లో సావిడివి మూడే ఉన్నాయి, మూడూ మసకగా. లోపల చీకటిగా ఉండటంతో సరిగ్గా రావని వదిలేశాను.

ఇప్పుడు నాకనిపిస్తోంది, కట్టడమంతటికీ అసలు గుండెకాయ ఆ చీకటేనని. మధ్యలో పొడవాటి ఎత్తైన నడవ, దానికి రెండు వైపులా రాతి స్తంభాల వరసలు, వాటి మీద అర్ధచంద్రంలా వంగిన రాతి కప్పులు. నడవ మధ్యలో గుమ్మటం, దాని కిటికీల్లోంచి కిందికి జారే కొంచెం వెలుతురు. గోడల్లో సన్నటి చీలికలు తప్ప వేరే కిటికీల్లేవు. ఆ పీఠభూమి మీద చలికాలం ఎలా ఉంటుందో తెలిస్తే కారణం చెప్పనక్కర్లేదు. లోపల పుట్టిన వేడి బయటికి పోకూడదు. ఆ వేడి ఎక్కడ పుడుతుంది? పక్కపక్కనే పడుకున్న ఒంటెలు, గుర్రాలు, కంచరగాడిదలు, మనుషుల ఒంట్లో.

సెల్జుక్ సరాయిల సావిళ్ళలో తరచుగా కనిపించే ఏర్పాటొకటి ఉంది. జంతువుల్ని కట్టే నేల కింద, మనుషులు కూర్చుని పడుకోవడానికి అరుగులు పైన. నిద్రలో తల తిప్పితే తన ఒంటె కనిపిస్తుంది. అది తాడు తెంపుకుంటే మెలకువ వస్తుంది. లోడు పక్కనే ఉంటుంది.

నాన్న మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. లోపలికి పోద్ది, లోడుతో సహా. ముఖద్వారపు ఎత్తంతా సుల్తాను గొప్ప కోసమే కావచ్చు గానీ, రెండు పక్కలా మూటలు వేలాడుతున్న ఒంటె ఒరుసుకోకుండా దూరేంత వెడల్పు, ఎత్తు ఆ కమానుకి ఉండి తీరాలి. రెండో ప్రశ్నకీ జవాబు దొరికింది. డ్రైవరు బండి పక్కనే పడుకుంటాడు, కానీ కప్పు కింద.

*

ఇక్కడితో ఆపేస్తే నేనూ గైడులాగే మాట్లాడినట్టవుతుంది. 'ఫైవ్‌స్టార్ హోటల్' బదులు 'డ్రైవర్ల స్వర్గం' అన్నట్టు. ఆ సావిడిలో అందరూ సమానమా?

కట్టడం చెప్పే జవాబు: కాదు. తలుపులున్న గదులు ముంగిలి పక్కన ఉన్నాయి. పెద్ద వర్తకుడు, అధికారి అరుగు మీద ఒంటె ఊపిరి పీలుస్తూ పడుకుని ఉంటారని నేననుకోను. చెక్కడమంతా ద్వారాల మీద, మసీదు మీద ఉంది. సావిడి స్తంభాలు బోడిగా ఉన్నాయి. అంటే అలంకారం రాజు పేరు పలికే చోట ఉంది, మనిషి నిద్రపోయే చోట లేదు. కళాచరిత్రకారులు అలంకారం దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. వాళ్ళ కారణం వాళ్ళకుంది. కట్టిన కాలాన్ని, పనివాళ్ళ జాడని పట్టిచ్చేది అదే. కుర్ట్ ఎర్ద్‌మన్ లాంటి జర్మన్ పండితుడు 1961లో అచ్చువేయడం మొదలుపెట్టిన బృహద్గ్రంథంలో ఈ సరాయిల ప్లాన్లన్నీ ఓపిగ్గా కొలిచి గీసి పెట్టాడు. ఆ పని లేకపోతే ఇవాళ నాబోటివాడు ఒక్క మాట కూడా రాయలేడు. నా పేచీ ఆ పండితులతో కాదు. ద్వారం దగ్గరే చూపు ఆగిపోయే మన టూరిస్టు చదువుతో. ముందు నాతో.

రాయి చెప్పనిది కాగితం చెప్పే సందర్భం ఒకటుంది. కైసేరీకి తూర్పున కరాతాయ్ హాన్ అని ఇంకో సరాయి ఉంది. ప్లాను ఇలాంటిదే, ముంగిలి, దాని వెనక సావిడి. అది 1240 ప్రాంతంలో పూర్తయింది. దాన్ని నడపడానికి రాసిన 1247 నాటి వక్ఫ్ పత్రం మిగిలింది. తుర్కీ చరిత్రకారుడు ఉస్మాన్ తురాన్ దాన్ని వెలుగులోకి తెచ్చాడు. ధర్మకర్త, లెక్కలు చూసేవాడు, అతిథుల్ని చూసుకునేవాడు, సరుకుల కొట్టు కాపరి, వంటవాడు, ఇమాము, ఇలా ఎవరెవరు పనిచేయాలో, ఎవరికేం ముట్టాలో అందులో రాసి ఉంది. వచ్చిన ప్రతి బాటసారికీ రొట్టె, వండిన మాంసం పెట్టాలి. జంతువులకి మేత వేయాలి. జబ్బుపడితే మందు ఇప్పించాలి. చెప్పులు లేని పేదవాడికి చెప్పులు ఏర్పాటు చేయాలి. శుక్రవారం ముందురాత్రి తేనె హల్వా పంచాలి.

నేను మళ్ళీ మళ్ళీ చదివింది మాత్రం ఇంకో షరతు. ముస్లిం అయినా కాకపోయినా, ఆడైనా మగైనా, స్వతంత్రుడైనా బానిసైనా పెట్టడంలో తేడా చూపించకూడదు. పత్రం రాయించిన జలాలుద్దీన్ కరాతాయ్ రాజ్యంలో పెద్ద అమీరు. అంతకుముందు అతను బానిస, పుట్టుకతో గ్రీకు వంశం వాడు. బానిస అన్న మాట ఆ పత్రంలోకి మామూలు దస్తావేజు భాషగానే వచ్చిందేమో. కానీ రాయించిన మనిషి ఎవరో తెలిశాక దాన్ని మామూలు మాటగా చదవడం నావల్ల కాలేదు.

అదే పత్రం ఇంకోటి కూడా చెబుతుంది. ఈ రొట్టె ఎక్కడి నుంచి వస్తుంది? వక్ఫ్‌కి రాసిచ్చిన ఊళ్ళ రాబడి నుంచి. అంటే బాటసారి తిన్న ముద్ద ఎక్కడో ఒక రైతు కళ్ళంలోంచి వచ్చింది. ఆ రైతుకి ఆ దారిన పోయే పట్టుబట్టలతో, రేవుల్లో వసూలయ్యే సుంకాలతో ఏం సంబంధం? ద్వారం మీద సుల్తాను పేరుంది, పత్రంలో కరాతాయ్ పేరుంది, ఊళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఊళ్ళలోని మనుషుల మాట మాత్రం వినపడదు. దయని మెచ్చుకునేటప్పుడు ఖర్చు ఎవరిదో అడక్కపోతే ఆ మెప్పు సగమే.

ఇంత తెలిశాక కూడా నాకు ఆ సావిడి మీద గౌరవం తగ్గలేదు. ఎందుకంటే దాని వెనకున్న లెక్క సూటిగా ఉంది. సరుకు కదలాలంటే సరుకుని మోసేవాడు రేపు పొద్దున్న లేచి నడవగలగాలి. వాడి జంతువూ నడవగలగాలి. కాబట్టి ఇద్దరికీ తిండి, నిద్ర, వెచ్చదనం ఇవ్వడం దారి వేసే పనిలో భాగం. దానం తర్వాతి మాట. సెల్జుకులకి ఇందులో స్వార్థం ఉంది, నిజమే. స్వార్థం అంత దూరం ఆలోచించడం నాకు నచ్చింది.

*

కట్టిన పద్నాలుగేళ్ళకే, 1243లో, కోసెదాగ్ దగ్గర మంగోలులు సెల్జుకుల్ని ఓడించారు. ఆ తర్వాత సుల్తాన్లు పేరుకే. సుల్తాన్ హాన్ ఒకసారి తగలబడింది కూడా. 1278లో, రాజ్యం సగం చచ్చిపోయాక, స్థానిక అధికారి ఒకరు దాన్ని బాగుచేయించారు. కట్టించిన రాజ్యం కుప్పకూలుతున్నా బాగుచేయాలని ఎవరికో అనిపించిందంటే దారి మీద జనం ఇంకా నడుస్తున్నారన్నమాట. నా మటుకు, ఈ కట్టడం గొప్పదనానికి 13 మీటర్ల ద్వారం కంటే ఈ మరమ్మతే పెద్ద సాక్ష్యం.

మన దగ్గర కూడా ఆ మాట జాడలున్నాయి. గోల్కొండ పక్కన కార్వాన్ అనే పేట ఇప్పటికీ ఉంది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటి నిలబడి ఉంది. దాని పక్క నుంచి నేను ఏళ్ళ తరబడి ఆఫీసుకి వెళ్ళాను, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తప్ప దానివైపు చూడలేదు. సరాయి చూడటానికి టర్కీ దాకా పోవాల్సి వచ్చింది నాకు.

నాన్నకి ఇదంతా చెప్పాను. సావిడి, అరుగులు, ఒంటె పక్కనే నిద్ర, చెప్పుల సంగతి. చెప్పుల దగ్గర కొంచెం ఆశ్చర్యపోయాడు. హల్వా గురించి రెండుసార్లు అడిగాడు. తర్వాత ఆయన చెప్పింది నేను ఇదివరకు విననిది. చలికాలం నాగపూర్ అవతల ఒకసారి సరుకు దించే గోడౌను గేటు రాత్రంతా తెరవలేదట. లోపల షెడ్డు ఖాళీగా ఉంది, బయటికి కనబడుతూనే ఉంది. లోడు దిగితేనే లోపలికి, అప్పటిదాకా బయటే అన్నాడట వాచ్‌మన్. క్లీనరు కుర్రాడికి జ్వరం. వాణ్ణి క్యాబిన్‌లో పడుకోబెట్టి, డీజిల్ ఎవరు తీసేస్తారోనని నాన్న లారీ కింద పట్టా పరుచుకుని పడుకున్నాడు.

"వాడిది తప్పేం లేదులే, వాచ్‌మన్‌ది" అన్నాడు. "ఆ షెడ్డు కట్టినోడు సరుక్కే కట్టాడు."

ఆ తర్వాత ఫోను మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి ద్వారాలన్నీ దాటేసి సావిడి ఫోటో దగ్గర ఆగి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఏమీ కనబడటంలేదు అన్నాడు. నిజమే, మసకగా ఉంది. మళ్ళీ వెళ్తే ఆ నలభై నిమిషాలూ సావిడిలోనే ఉంటాను.